వైదేహి గారింట్లో ఆగిన రైలు

తార్నాకలో వైదేహి గారుండే అపార్ట్‌మెంటు కింద, లిఫ్టు పక్కన, ఒక నల్ల బోర్డు ఉంటుంది. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, లిఫ్టు ఎప్పటికి బాగవుతుందో, ఆదివారం మీటింగు ఎవరి ఫ్లాటులోనో వాచ్‌మన్ పేరయ్య దానిమీద సుద్దముక్కతో రాస్తుంటాడు. వాటన్నిటి కిందా, వైదేహి గారు ఆ రోజు చదవబోయేది ఏమిటో కూడా రాస్తాడు. ‘రెండో ఫ్లోర్ మేడం ఇయ్యాల వాన చాప్టర్. బట్టలు తీసుకోగలరు.’ అది చూసి జనం బాల్కనీల్లో ఆరేసినవి తీసుకుంటారు. చూడనివాళ్ళ బట్టలు తడుస్తాయి. వాళ్ళు మళ్ళీ పిండి ఆరేసుకుంటారు, అంతే.

వైదేహి గారు కాకినాడ వైపు మనిషి. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా అచ్చయిన పుస్తకాల మధ్య గడిచిపోయినందుకో ఏమో, రిటైరయ్యాక అచ్చుకాని వాటిమీదికి మనసు మళ్ళింది. నవల రాసి, అచ్చుకిచ్చే ముందు ఒక్కసారి చూసిపెట్టమని ఎవరు తెచ్చినా కాదనరు. ఈ పనిని ఇప్పటి పిల్లలు బీటా రీడింగ్ అంటారని ఎవరో చెబితే, పేరేదైతేనేం, చదవడమే కదా అన్నారు. ఆవిడ ఏది చదివితే అది ఇంట్లోకి వస్తుంది. పులుసు కాగే పేజీ అయితే మెట్ల మీదంతా పులుసు వాసన. పెళ్ళి పేజీ అయితే మర్నాడు పనిమనిషి అక్షింతలు ఊడ్చుకుంటూ సణుగుతుంది. కథలో మనుషులు కూడా వస్తారు. వచ్చి, సోఫాలో కూర్చుని, వాళ్ళ మాటలేవో వాళ్ళు మాట్లాడుకుని, చాప్టరు అయిపోగానే లేచి వెళ్ళిపోతారు. కింది ఫ్లాటు కమలాదేవి గారికి ఇందులో అభ్యంతరమేమీ లేదు గానీ, దొంగలూ పోలీసులూ పరుగులు పెట్టే నవలలు మాత్రం పిల్లల పరీక్షల రోజుల్లో వద్దని మీటింగులో గట్టిగా చెప్పారు. వైదేహి గారు సరేనన్నారు.

అందుకే రాతప్రతి పట్టుకుని వచ్చినవాళ్ళకి ఆవిడ ముందు కాఫీ ఇచ్చి, తర్వాత కొన్ని ప్రశ్నలు వేస్తారు. వానలున్నాయా? నిప్పు అంటుకునేది ఉందా? పాములేమైనా తిరుగుతాయా? అవన్నీ పేరయ్య బోర్డుకి. ఆఖరి ప్రశ్న మాత్రం ఆవిడ సొంతానికి. ఇందులో బతికున్నవాళ్ళెవరైనా ఉన్నారా, ఉంటే వాళ్ళకి తెలుసా అని. కల్పించిన మనుషులు వస్తే బాధ లేదు. కానీ నిజం మనిషిని కథలో పెడితే, ఆ నిజం మనిషే ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చేస్తుంది. తేడా కనిపెట్టడం సులువే. కథలవాళ్ళు వట్టి కాళ్ళతో వస్తారు, రచయితలు చెప్పుల గురించి ఎక్కడ రాస్తారు కనక. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికొచ్చారంటే ఆ మనిషికి ఎక్కడో ఒక ఇల్లు ఉన్నట్టే.

హరిచందన అదే సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ, వానలున్నాయని ఒప్పుకుంది, నిప్పు లేదంది. ఆఖరి ప్రశ్నకి గ్లాసులోకి చూస్తూ, "ఎవరూ లేరు మేడం, అంతా కల్పితమే" అంది.

నంద్యాల పిల్ల హరిచందన. యూనివర్సిటీలో తెలుగు మీద పరిశోధన చేస్తూ, లేడీస్ హాస్టల్లో ఉంటూ, థీసిస్ రాసుకోవాల్సిన వేళల్లో నవల రాసింది. రాసేస్తే కష్టం తీరిపోతుందనుకుంటారు గానీ, రాశాక చదివేవాళ్ళని వెతుక్కోవడం ఉంది చూశారూ, అది ఇంకో నవలంత పని. కాచిగూడలో ఉండే ఒక పబ్లిషరు కథ మొత్తం నోటితో చెప్పించుకుని, ముందు నలుగురితో చదివించి రమ్మన్నాడు. ఆ పిల్ల డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో బీటా రీడర్లు కావాలని పెడితే బొటనవేళ్ళు చాలానే లేచాయి. కాపీలు తీసుకున్నాక మాత్రం వాళ్ళు క్యాంటీన్ దగ్గర ఆమె కనబడితే పక్కదారి పట్టడం మొదలుపెట్టారు. తోటి స్కాలరు ప్రణీత్ ఒక్కడు ధైర్యంగా ఎదురొచ్చి, "ఫ్లో ఉంది. మంచి ఫ్లో ఉంది" అన్నాడు. ఎక్కడ అని అడిగితే అంతటా అన్నాడు. గైడు వెంకటేశ్వర్లు గారు మాత్రం మొత్తం చదివారు. ఎర్ర పెన్నుతో ళ-కారాలన్నీ సరిదిద్ది, కథ గురించి ఒక్క ముక్క కూడా అనకుండా తిరిగిచ్చారు. ఇచ్చేటప్పుడు, వైదేహి గారికి ఇవ్వు, ఆవిడ చదివితే చదివినట్టుంటుంది అన్నారు.

ఇంతమంది వెంటపడిన పిల్ల, అడక్కుండానే చదువుతానన్న ఒక్క మనిషికి మాత్రం కాపీ ఇవ్వలేదు. ఆ మనిషి పేరు స్నిగ్ధ. ఆ నవల ఆమెది.

ఆమెదంటే ఆమె రాసింది కాదు, ఆమె బతికింది. స్నిగ్ధ బోటనీలో పరిశోధన చేసేది. హాస్టల్లో హరిచందనకి రూమ్‌మేటు. తండ్రికి ఆపరేషనని ఊరికి వెళ్ళి, అక్కడే ఉండిపోవాల్సి వచ్చి, తిరిగొచ్చేసరికి గ్రీన్‌హౌసులో ఏళ్ళ తరబడి పెంచుకున్న ఆమె మొక్కలన్నీ ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు పోస్తామన్నవాళ్ళు పోయలేదు. మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టమన్నారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆమె సీతాఫల్‌మండి స్టేషనుకి వెళ్ళి, ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుంది. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. చీకటి పడకముందే తిరిగొచ్చి, హరిచందన మంచం మీద కూలబడి, తను ఏం చేయబోయిందో చెప్పింది. హరిచందన టీ కలిపి ఇచ్చింది, చెయ్యి పట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దని స్నిగ్ధ అడిగితే చెప్పనంది. చెప్పలేదు కూడా. రాసింది. మొక్కలు, తండ్రి ఆపరేషను, బెంచీ, బెంచీ కింద పల్లీ పొట్టు, అన్నీ రాసింది. పేరు మార్చింది. చివర కూడా మార్చింది. కాచిగూడ పబ్లిషరు కథ విని, "ఆఖర్న ఆ పిల్ల లేచి ఇంటికొచ్చేస్తే ఇక చదివినవాడికి ఏం మిగులుతుందమ్మా?" అన్నాడు. అప్పట్నించీ నవల్లో ఆ అమ్మాయి తిరిగి రావడం మానేసింది.

స్నిగ్ధ ఇప్పుడు పరిశోధన వదిలేసి, తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్లో డాక్టరు కాబోయే పిల్లలకి బయాలజీ చెబుతోంది. దగ్గర్లోనే పీజీ హాస్టల్లో ఉంటుంది. ఆదివారాలు ఇద్దరూ కలిసి దోశ తింటారు. నవల పూర్తయిందని తెలిసిన రోజు, నాకియ్యవే, నేను నీకు బీటా రీడర్‌నైతా అంది స్నిగ్ధ. నీకు బోర్ కొడుతుంది, అచ్చయ్యాక పుస్తకమే ఇస్తాలే అని హరిచందన మాట దాటేసి, చట్నీ ఇంకాస్త అడగడానికని లేచి వెళ్ళింది. ఆ రోజు దోశ ఆమెకి రుచించలేదు. అయినా తినేసింది.

వైదేహి గారు చదవడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకి ఫోనులో మెసేజ్ వచ్చింది. ‘బాగుందమ్మా. నిన్న వంట కూడా మర్చిపోయాను.’ ఆ మెసేజ్ హరిచందన ఎన్నిసార్లు చదువుకుందో చెప్పడం కష్టం. హాస్టల్ మెస్సులో పప్పు వడ్డించుకుంటూ చదివింది, లైబ్రరీ మెట్ల మీద ఆగి చదివింది. ఆ నవల రాసిన చెయ్యి తన చెయ్యే అని నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఆదివారమే స్నిగ్ధ దోశ తుంచుకుంటూ మామూలుగా ఒక మాట చెప్పింది. "ఏందోనే, ఈమధ్య క్లాసుకు పోతున్న అనుకుంట వేరే ఎవరింటికో పోతున్న. రెండో ఫ్లోర్ల ఒక ఆంటీ ఉన్నది. కాఫీ ఇస్తది. కొద్దిసేపు కూసుని వస్తున్న. బాగనే ఉంటది గానీ, వచ్చేటప్పుడు ఏడుపొస్తది."

ఆ ఆంటీ ఎవరో హరిచందనకి వెంటనే అర్థమైంది. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పకపోయినా కనీసం ఆ సాయంత్రం వైదేహి గారి దగ్గరికి పరుగెత్తి కాగితాలు వెనక్కి తెచ్చుకోవాల్సింది. బస్టాపు దాకా వెళ్ళింది కూడా. బస్సు వచ్చేలోపు ఆ మెసేజ్ మళ్ళీ తెరిచి చూసుకుంది. ఇన్నాళ్ళకి ఒక్కరు చదువుతున్నారు, వంట మర్చిపోయి చదువుతున్నారు. పూర్తిగా చదవనీ, తర్వాత చెబుదాం అనుకుంది. బస్సు వచ్చింది, ఎక్కకుండా హాస్టల్‌కి నడిచి వెళ్ళిపోయింది. ఆ నడకంతా తన మొహం ఎవరికీ కనబడకూడదన్నట్టు చున్నీ కప్పుకుని నడిచింది.

తర్వాత మొక్కల చాప్టరు వచ్చింది. అందులో ఇన్ని మొక్కలు ఎండుతాయని హరిచందన ముందే చెప్పలేదు కనక పేరయ్య బోర్డు మీద రాయలేదు. ఒక్క మధ్యాహ్నంలో అపార్ట్‌మెంటు బాల్కనీలన్నిట్లో తులసీ, మందారం, మనీప్లాంటు తలలు వాల్చేశాయి. కమలాదేవి గారి కరివేపాకు చెట్టు దులిపితే పొడి రాలింది. తర్వాతి చాప్టర్లో వాన ఉండబట్టి చాలామటుకు తేరుకున్నాయిగానీ, కమలాదేవి గారు ఆ రాసినపిల్ల ఎవరో ఒకసారి చూపించమని పేరయ్యని అడిగారు.

పేరయ్య ఫోను చేసింది ఇంకో రెండ్రోజులకి. హరిచందన అప్పుడు క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద థీసిస్ కాగితాలు దిద్దుకుంటోంది. "మేడం, జర మీరు రావాలె. వైదేహి మేడం రమ్మంటున్నది. ఇంట్ల స్టేషన్ వచ్చి కూసున్నది, నిన్నటి సంది పోతలేదు. గా అనౌన్స్‌మెంటుకు పిల్లలు చదువుకుంటలేరని అందరు నన్ను అంటున్నరు." ఎవరైనా ఉన్నారా అని హరిచందన అడగలేకపోయింది. అతనే చెప్పాడు. ఒక అమ్మాయి ఉన్నదని, బెంచీ మీద కూర్చుని లేస్తలేదని.

ఆటోలో ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటానికే షాపుల బోర్డులు చదువుతూ వచ్చింది. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కి రెండో అంతస్తు గుమ్మం ముందుకి వచ్చేసరికి బయట చెప్పులు కనిపించాయి. గోధుమరంగు చెప్పులు, ఎడమదానికి పట్టీ తెగితే తెల్లదారంతో కుట్టించినవి. ఆ కుట్టు వేయించినప్పుడు హరిచందనే పక్కన నిలబడింది, నల్లదారం లేదా అని చెప్పులు కుట్టేవాడితో గొడవపడింది. వాటి పక్కన తన చెప్పులు విడవడానికి ఆమెకి మనసు రాలేదు. చాలాసేపు అక్కడే నిలబడి, ఆఖరికి విడిచి లోపలికి వెళ్ళింది.

హాల్లో సోఫా ఉన్నచోట సిమెంటు బెంచీ ఉంది. షోకేసుకి ఆనించినట్టు సీతాఫల్‌మండి అని రాసిన పసుపుపచ్చ బోర్డు. తివాచీ అంచు దగ్గర ప్లాట్‌ఫారం అయిపోతుంది. అక్కణ్ణించి కిందకి కంకరా, పట్టాలూ. ఆ పట్టాలు డైనింగ్ టేబుల్ పక్కనుంచి వంటింట్లోకి పోయాయి. బయట వీధిలో ఇంకా ఎండగానే ఉన్నా, హాల్లో మాత్రం పొద్దువాలిన వెలుతురు. స్నిగ్ధ బెంచీ చివర హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కాగితాల దొంతర. వైదేహి గారు గోడవార తన పేము కుర్చీలో ఉన్నారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే హరిచందనకి కాస్త తేలికయ్యేది. జరిగింది చెప్పారు. ఆఖరి చాప్టరు మొదటి వాక్యంలోనే రైలు కూత వినబడిందట. ఆ కూతకి ఈ అమ్మాయి బెంచీ మీంచి లేవబోయిందట. ఆవిడ తన కళ్ళజోడు తీసేసి కాగితం బోర్లించారు. అప్పట్నించీ రైలు రాదు, స్టేషను పోదు, ఈ అమ్మాయికి కాళ్ళు లేవవు. ఏదో ఒక ముగింపు చదివితే తప్ప ఇల్లు వదలదు. రాత్రంతా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పొద్దున ఆవిడ ఉప్మా చేసి పెట్టి, నీ కథేనమ్మా, నువ్వే చూసుకో అని కాగితాలన్నీ ఆమెకే ఇచ్చారు. వేరేవాళ్ళు చదివితే ఏమీ జరగదు కనక స్నిగ్ధ ఆఖరి చాప్టరుతో సహా అంతా చదివింది.

"తప్పు నాదీ ఉంది," అన్నారు వైదేహి గారు. "మొదటిరోజు గుమ్మం దగ్గర చెప్పులు చూశాను. అప్పుడే ఆపాలి. కథ బాగుంది, తర్వాతేమవుతుందో చూద్దామని చదివేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చేయలేదు."

స్నిగ్ధ వంటింటి వైపు, పట్టాలు పోయినవైపు చూస్తోంది. హరిచందన వెళ్ళి బెంచీ మీద కూర్చోబోయి, కూర్చునే ముఖం లేక నేల మీద కూర్చుంది. బెంచీ కింద పల్లీ పొట్టు ఉంది. తను రాసిన పల్లీ పొట్టు.

"పల్లీలు గూడ రాసినవ్," అంది స్నిగ్ధ. "నేనెప్పుడు చెప్పిన్నో నాకే యాదిలేదు."

హరిచందన క్షమించమంది. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, అనౌన్స్‌మెంటులో కలిసిపోయింది. 

"నేను తిరిగొచ్చిన గదనే," అంది స్నిగ్ధ. గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. "వచ్చి నీ మంచం మీదనే కూసున్న. నువ్వే చాయ్ చేసిచ్చినవ్. మరి ఈ పిల్ల ఎందుకు రాలే?"

"ముగింపు బలంగా ఉంటుందని" అంది హరిచందన.

"నేను బతికితే బలం తక్కువైందా?"

వైదేహి గారు తల తిప్పుకున్నారు. హరిచందన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తున్నందుకు కూడా సిగ్గేసింది, ఏడవాల్సింది తను కాదు కదా. ఇంతకాలం ఆమె తనకు తాను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. పేరు మార్చానని, ఎవరూ గుర్తుపట్టరని, ఇలాంటివి రాస్తే ఇంకెవరికో ధైర్యం వస్తుందని. వాటిల్లో ఒక్కటి కూడా ఆ బెంచీ ముందు పైకి అనడానికి పనికిరాలేదు.

వైదేహి గారే కాసేపటికి, రాయమ్మా అన్నారు. ముగింపు మార్చి రాస్తే చదువుతాను, ఈ అమ్మాయి ఇంటికి వెళ్తుంది. హరిచందన ఒక కాగితం వెనక్కి తిప్పుకుని పెన్ను తీసింది. తీసి అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి రైలు కింద పడటం గురించి పేజీలకు పేజీలు రాసింది గానీ, లేచి ఇంటికి రావడం గురించి ఆమెకి ఏమీ తెలియదు. ఆ సాయంత్రం తన మంచం మీద కూర్చున్న మనిషిని, ఎలా నిలబడ్డావు, ఏం అనిపించింది అని మెల్లమెల్లగా అడిగింది. ఎందుకు తిరిగొచ్చావని మాత్రం అడగలేదు. అది కథకి అక్కర్లేదనిపించిందేమో. అప్పుడే మనసు రాయడం మీదికి పోయిందేమో.

"నువ్వెలా వచ్చావే వెనక్కి? నేనెప్పుడూ అడగలేదు."

"అడగలే," అంది స్నిగ్ధ.  మైకులో ఆడగొంతు రావాల్సిన రైలు గురించి చెప్పిందే చెబుతోంది. ఆ తర్వాత, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పింది. రైలు వచ్చిందట. ఆమె లేచి అంచుదాకా పోయిందట. రైలు ఆగుతుండగానే సరిగ్గా ఎదురుగా ఉన్న తలుపులోంచి ఒక ముసలావిడ, అమ్మాయ్, ఇది పట్టుకో అని ఒక పరుపు చుట్ట చేతిలో పడేసిందట. ఇదీ పట్టుకో అని ఒక సంచి. ఇంకో సంచి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎంతసేపు ఆగుతుంది కనక, ముసలావిడకి కంగారు. అందులో గ్రైండర్ రాయి ఉంది జాగ్రత్త అని అరిచిందట. అన్నీ అందుకునేసరికి రైలు వెళ్ళిపోయింది. ముసలావిడ మోకాళ్ళు పట్టేసి నడవలేకపోతుంటే, సామానంతా మోసుకెళ్ళి ఆటో ఎక్కించింది. ఆటో వెళ్ళిపోయాక చూసుకుంటే తను స్టేషను బయట ఉంది. చేతులు నొప్పి పుట్టి, మళ్ళీ లోపలికి పోబుద్ధి కాలేదు. హాస్టల్‌కి వచ్చేసింది.

హరిచందన రాయడం మొదలుపెట్టింది. స్నిగ్ధ పక్కనుంచి వంగి చూస్తూ కూర్చుంది. రాసేవాళ్ళకి చెయ్యి ఊరుకోదు కదా, ఆ క్షణంలో ఆమెకు జీవితం విలువ తెలిసింది అని ఒక వాక్యం పడింది.

"గిది కొట్టెయ్," అంది స్నిగ్ధ. "నాకేం తెల్వలే ఆ టైంల. బ్యాగు బరువుండె, గంతే."

కొట్టేసింది. ముసలావిడ చూపులో అమ్మ కనిపించింది అని రాస్తే అదీ కొట్టించింది. ఆమె పొద్దాక తిట్టుకుంటనే ఉన్నది, అమ్మ లేదు ఏం లేదు అంది. ఆకాశం ఎర్రబడిందన్న వాక్యం దగ్గర, నేను ఆకాశం చూడలే, సంచి హ్యాండిల్ తెగుతదేమోనని చూస్తున్న అంది. హరిచందనకి ఇన్నాళ్ళూ వెతుక్కున్న బీటా రీడరు దొరికింది. నాకియ్యవే అని దోశ తింటూ అడిగిన మనిషే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె పెన్ను కాస్త ఆగేది, స్నిగ్ధ కానియ్ అనేది. చివరికి మిగిలింది ఒక్క పేజీ కూడా నిండలేదు. అందంగా కూడా లేదు. పబ్లిషరు చూస్తే ఏమంటాడో హరిచందనకి తెలుసు.

వైదేహి గారు ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకునే ముందు స్నిగ్ధ వైపు తిరిగారు. "చదవమంటావా అమ్మా?" అని అడిగారు. హరిచందనని అడగలేదు.

"చదువుండ్రి ఆంటీ," అంది స్నిగ్ధ.

కూత వినబడింది. షోకేసులో గ్లాసులు గలగలలాడాయి. కింద కమలాదేవి గారు ఎవరితోనో, రైలొచ్చిందిలే, ఇక ఆ అనౌన్స్‌మెంటు ఆగుతుంది అనడం వినిపించింది. వంటింట్లోంచి రైలు మెల్లగా హాల్లోకి వచ్చి, టీవీకీ బెంచీకీ మధ్య ఆగింది. స్నిగ్ధ లేచింది. హరిచందన కూడా లేచి, తెలియకుండానే ఆమె చున్నీ కొసని గుప్పిట పట్టుకుంది. స్నిగ్ధ రెండడుగులు వేసి తివాచీ అంచు దగ్గర నిలబడింది. హరిచందన చున్నీ కొస వదల్లేదు. కాగితం మీద తను ఏం రాసిందో ఆ నిమిషంలో ఆమెకి ఒక్క అక్షరం గుర్తులేదు.

తలుపులోంచి ఒక పరుపు చుట్ట వచ్చి స్నిగ్ధ చేతుల్లో పడింది. వెనకే ముసలావిడ గొంతు. "అమ్మాయ్, ఇదీ పట్టుకో. అబ్బ, తొందరగా. అందులో గ్రైండర్ రాయి ఉంది, కాలిమీద వేసుకుంటావు." సంచులన్నీ దిగాక ఆవిడ కూడా తలుపు పట్టుకుని మూలుగుతూ దిగింది. ఆవిడ కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. రైలు బాల్కనీలోంచి వెళ్ళిపోయింది. దానితోపాటు పట్టాలూ, కంకరా, పసుపు బోర్డూ పోయి, సోఫా తిరిగొచ్చింది. ముసలావిడ చుట్టూ చూసి, రెండో అంతస్తులో స్టేషను పెట్టడమేంటమ్మా, మాలాంటివాళ్ళు దిగొద్దూ అని వైదేహి గారినే తిట్టింది. లిఫ్టు లేదని తెలిశాక ఇంకాస్త తిట్టింది. స్నిగ్ధని ఎగాదిగా చూసి, నిన్నెక్కడో చూశానే అంది.

స్నిగ్ధ చంకలో పరుపు చుట్ట, ఒక చేతిలో సంచి పట్టుకుని, రెండో సంచి ఎత్తబోయి దించేసింది. అది ఊగను కూడా ఊగలేదు. హరిచందన వైపు చూడకుండానే, "ఇది నువ్వు పట్టు" అంది.

గ్రైండర్ రాయున్న సంచి అది. హరిచందన రెండు చేతులతో ఎత్తుకుంది. ఆటో దొరికేదాకా దింపకూడదనుకుంది, మెట్టు మెట్టుకీ మోకాలికి తగులుతున్నా దింపలేదు. వెనకాల ముసలావిడ గోడ పట్టుకుని దిగుతూ, జాగ్రత్త, అది మా కోడలి పుట్టింటివాళ్ళది, పగిలితే నాకు మాటొస్తుంది అంటూనే ఉంది. మలుపు దగ్గర హరిచందన, పుస్తకం వేయించనులే అంది. తర్వాత చూద్దాం తియ్, ముందుగాల అది పడెయ్యకు అంది స్నిగ్ధ. కింద పేరయ్య బోర్డు మీద స్టేషన్ అన్న మాట తుడుస్తున్నాడు.

ఆటో వచ్చింది. సామానెక్కించారు, ముసలావిడని ఎక్కించారు, ఆవిడ డబ్బులివ్వబోతే వద్దన్నారు. ఆటో వెళ్ళిపోయింది. ఇద్దరూ గేటు దగ్గర మిగిలారు. హరిచందన చేతులు సంచి తాడు కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఎక్కడ చూడాలో తెలియక ఆమె నేలని చూస్తోంది. స్నిగ్ధ కూడా అటే చూసింది.

"చెప్పులేవే?"

హరిచందన తన కాళ్ళు చూసుకుంది. వట్టి కాళ్ళతో దిగివచ్చింది. "పైన ఉండిపోయాయి" అంది.

"పోయి ఏసుకొని రా," అంది స్నిగ్ధ, గేటుకి ఆనుకుంటూ. "నేను ఇక్కడనే ఉంటా."

హరిచందన మెట్లెక్కింది. ఒక్కో మలుపు దగ్గరా కిటికీలోంచి కిందకి చూసుకుంటూ ఎక్కింది. ప్రతిసారీ స్నిగ్ధ అక్కడే ఉంది.